తరుగు

ఆదివారం. యార్డుకి సెలవు.
కాటా మీద కప్పిన గోతం తీసి
నా సంచి పెట్టాను.
పంతొమ్మిది కిలోల ఆరొందలు.

ఇరవై రెండేళ్లుగా ఇక్కడే నిలబడి
ఊళ్లవాళ్ల బరువులు రాసిన చెయ్యి
సొంత బరువు రాయమంటే
పెన్ను మూత తియ్యడానికే తడుముకుంది.

గురువారం మార్కాపురం రోడ్డులో దిగాలి.
అక్కణ్ణుంచి దోర్నాల, ఆపైన అడవి.
నాలుగు రోజులు అడుగుజాడలు లెక్కపెట్టాలి,
చెట్లకి కెమెరాలు కట్టాలి.
మా తాత ఈ సంచితోనే వేటకెళ్లేవాడు.
లైసెన్సు తుపాకీ, ఎల్జీ తూటాలు,
వెనకాల మోయడానికి ఇద్దరు మనుషులు.
నాకు తుపాకీ లేదు.
ఆ ఇద్దరూ నేనే.

అందుకని ముందు సంచే తీసి పక్కన పెట్టాను.
ఉత్త కాన్వాసు గుడ్డ, ఇత్తడి బకిళ్లు: మూడు కిలోలు.
తాత జ్ఞాపకం అనుకుని దాచుకున్నాను ఇన్నాళ్లూ,
తూస్తే అందులో ఎక్కువ పాలు ఇత్తడే.
లాలాపేటలో బేరమాడి కొన్న నైలాన్ సంచి
తొమ్మిదొందల గ్రాములు.

స్టీలు డబ్బా పోయి పాలిథిన్ కవరొచ్చింది.
గోంగూర సీసాలో
గోంగూర పావుకిలో, గాజు పావుకిలో.
గాజు గుంటూరులోనే ఆగిపోయింది.
చొక్కాలు మూడు.
ఒకటి ఒంటిమీద, ఒకటి సంచిలో,
మూడోది ఎవరికి?
దుప్పటి సగానికి చింపబోతే
దమయంతి కత్తెర లాక్కుంది, ముందు నిన్ను చింపుతానంది.
బ్రష్షు పిడి విరిచేస్తే
మస్తాన్‌వలి పడీపడీ నవ్వాడు:
"పులి నీ పళ్లు చూడ్డానికొస్తదా అన్నా?"

రెండో టార్చి వెలుతురుకి కాదు,
భయానికి పెట్టుకున్నది.
భయం మూడొందల ఇరవై గ్రాములు తూగింది.
తీశాను.
మళ్లీ పెట్టాను.

నీళ్లు ఐదు లీటర్లు, ఐదు కిలోలు.
ఎటు తిప్పి చూసినా ఐదు కిలోలే.

రేపటి అమ్మకానికి సరుకు తెచ్చి
టిక్కీల మీదే పడుకున్న వినుకొండ వైపు రైతు
ఎప్పుడు లేచాడో, బీడీ ముట్టించకుండా పట్టుకుని
నన్నే చూస్తున్నాడు.
"మా బస్తాకి తరుగు కొట్టేసేప్పుడు
ఇంతసేపు ఆలోచించవేం అబ్బాయా?"

నేను కాటా వంక చూశాను.
ఎర్రంకెలు గాలికి కాస్త వణికి
పదకొండు కిలోల నాలుగొందల దగ్గర ఆగాయి.
చీటీ మీద రాసుకున్నాను.
ఆయన బీడీ వెలిగించుకున్నాడు.

అడవి అంచున గురవయ్య ఎదురొచ్చాడు.
చేతిలో గొడ్డలి, భుజాన చిన్న మూట.
నా కంటి కాటాకి రెండు కిలోలు కూడా రాదు.
నీళ్లేవి పెద్దాయనా అంటే
గడ్డంతో లోయవైపు చూపించాడు.

నా సంచి ఎత్తి చూస్తాడనుకున్నాను,
పదకొండున్నరకి దించానని చెప్పుకుందామనుకున్నాను.
ఆయన ఎత్తలేదు. వంగి వాసన చూశాడు.
"మిరపకాయ," అన్నాడు,
అని తుమ్మాడు.

కొత్త సంచిలో, ఉతికిన చొక్కాలో,
విరిచిన బ్రష్షులో, అటుకుల్లో,
నా చెవుల వెనక కూడా యార్డే.
ఒక్క గ్రాము కూడా చూపించకుండా
నాతోపాటు రైలెక్కి వచ్చేసింది.

రాత్రి నా సంచినీ నన్నూ
గాలి అటు పోయే వైపు పడుకోబెట్టి
ఆయన ఇటు పడుకున్నాడు.

నాలుగోరోజు కెమెరా విప్పితే
ఆకులు, ఆకులు, నా మోకాలు, ఆకులు,
చివర్లో ఒక్క కణితి.
గంపెడు కొమ్ములు,
కళ్లు గట్టిగా మూసుకుని,
మూతి పైకెత్తి,
తుమ్మబోతూ.