నూట ముప్పై ఆరు

ఆ అమ్మాయి పేరు దలాల్ అంటే
నాకు నవ్వొచ్చింది, సగం మూతితోనే.
అమలాపురం బస్టాండు వెనక గదిలో
నా పాస్‌పోర్టు సంచిలో వేసుకున్నవాణ్ణి
మేం దళారీ అనేవాళ్ళం.
వాళ్ళ భాషలో దలాల్ అంటే గారాబమట.

గారాబం చేసే మనిషి కాదు మరి.
నడుముకీ తొడలకీ బెల్టులు బిగించి
పైకప్పు కొక్కేనికి నన్ను తగిలించి
గుండె మీద చల్లటి పట్టీ కట్టి
కాళ్ళ కింద నేలని కదిలించేసింది.

"యల్లా, దయామణీ, యల్లా!"

ఆ మాట నాకు కొత్త కాదు.
పదమూడేళ్ళు విన్నాను, జహ్రాలో.
కింద వంటగది, పైన డాబా మీద బట్టల తీగలు,
మధ్యలో అరవై నాలుగు మెట్లు.
యల్లా, గహ్వా. యల్లా, ఇస్త్రీ.
యల్లా, పిల్లాడు ఏడుస్తున్నాడు.
రోజుకి ఎన్నిసార్లు ఎక్కానో మోకాళ్ళకి తెలుసు.
గుండె ఎంత కొట్టుకుందో
ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.
నెలాఖరు దాకా రావాలని
బీపీ బిళ్ళ విరిచి సగమే వేసుకునేదాన్ని.

రంజాన్ నెల, సాయంత్రం, బాంగుకి ముందు
సంబూసాలు వేయిస్తున్నాను.
పళ్ళేన్ని నేను వదల్లేదు,
చెయ్యే నన్ను వదిలేసింది.

మొదటి ఆస్పత్రిలో అంతా మెల్లగా అన్నారు.
మెల్లగా లే, మెల్లగా తిరుగు, కూర్చో తల్లీ.
మెల్లగా నడిచీ నడిచీ
మెల్లగా నడవడమే వచ్చింది నాకు.
అబ్బాసియా గదిలోంచి దిగి పెరుగు డబ్బా తెచ్చేసరికి
రూతక్క వండిన కూర చల్లారిపోయేది.
ఎడమ చెప్పు మెట్ల మీదే ఉండిపోయేది,
నాకు తెలిసేది కాదు.

దలాల్ తెర మీద అంకె చూపిస్తుంది.
నూట ఇరవై దాటాలి, అంటుంది, విరిగిన హిందీలో.
మూడు నిమిషాలు వేగం. రెండు నిమిషాలు ఊపిరి.
మళ్ళీ మూడు.
కాలు ఈడిస్తే ఊరుకుంటుంది, ఆగితే ఊరుకోదు.
తూలితే బెల్టులు పట్టుకుంటాయి,
తాడు కట్టి దింపే కొబ్బరి గెలలా
గాల్లో వేలాడతాను.
చెమట కళ్ళలో పడి మండి
ఒకరోజు తిట్టేశాను, పచ్చి గోదారి తిట్టు.
ఆమె అంకె చూసి "శాబాష్" అంది.
నూట ముప్పై ఆరు.

ఇన్నేళ్ళ నా పరుగుకి
ఒక అంకె ఉంటుందని అప్పుడే తెలిసింది.

నాలుగో వారం, నిజం మెట్లు.
నడుం పట్టీ కొస ఆమె గుప్పిట్లో.
మొదటి మెట్టు దగ్గర నిలబడిపోయాను.
భయమా, అంది.
భయం కాదు. చేతిలో బట్టల బుట్ట లేకుండా
మెట్లెక్కడం ఎలాగో నాకు తెలీదు.
ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలి?
"ఊపు" అంది, తన చేతులు ఊపి చూపించి.

ఇప్పుడు పదో వారం.
మడమ దగ్గర కాలు ఇంకా వంకరే.
చిటికెన వేలికి ఇంకా స్పర్శ రాలేదు.
జహ్రా ఇంట్లో కొత్తమ్మాయి చేరిందట, నేపాలు పిల్ల.
రాత్రిళ్ళు ఆ పిల్ల గుండె గురించి ఆలోచిస్తాను.

ఆస్పత్రి బయట సిగ్నల్లో పచ్చ మనిషి
ఎప్పుడూ నేను నడిరోడ్డులో ఉండగానే
ఎర్రబడిపోయేవాడు.
కార్లు హారన్ కొట్టకుండా ఆగేవి,
అదింకా సిగ్గు.
నిన్న నేను అవతలి గట్టెక్కాక కూడా
పచ్చగానే ఉన్నాడు.
అప్పుడే నా బస్సు కదిలింది.
ఏమనుకున్నానో ఏమో,
పరుగెత్తాను.
నాలుగడుగులు. ఐదేమో.

బస్సు అందలేదు.
చెప్పు కాలికే ఉంది.
ఎండలో స్తంభం పట్టుకుని
మెడ పక్కన రెండు వేళ్ళు ఆనించాను,
దలాల్ నేర్పినట్టు.
ఇక్కడ తెర లేదు, నేనే లెక్కపెట్టాలి.
ముప్పై దాకా వచ్చి లెక్క తప్పాను.
మళ్ళీ ఒకటి దగ్గర్నుంచి మొదలెట్టాను.