పదకొండు సెకన్లు

బేస్తారం రాత్రి, ఒంటిగంట దాటింది.
మనామాల హోటల్ వెనక గేటు కాడ
పందొమ్మిది మందిని ఎక్కించుకున్న.
అందరూ గ్లాసులు కడిగేటోళ్లే.
ఒక్కడూ చుక్క ముట్టలే.
అయినా బస్సు నిండ విస్కీ వాసన,
చొక్కాలకు, గోళ్ల సందులకు, నానిన పాదాలకు.
ఎవరి పండుగనో
మా బట్టలెక్కి క్యాంపుకొస్తది.

సల్మాబాద్ మలుపుల నీలి లైట్లు.
కోన్లు. మా ముందల నాలుగు కార్లు.
పోలీసాయన తల లోపలికి పెట్టి
ముక్కు ఎగబీల్చిండు.
పందొమ్మిది మందిని ఇడిసి నన్ను చూసిండు.
"ఫూంక్ మారో."
మన హైదరాబాద్ ఉర్దూ కాదది,
ఏ కొండల నడుమ పుట్టిన ఉర్దూనో.
ఆయన గూడ పైసలు ఇంటికి పంపేటోడే అయ్యుండాలె.

ఊదిన.
పొద్దటి పచ్చిమిరప తొక్కు,
తొమ్మిదేండ్ల ఏసీ దుమ్ము,
పోయిన నెల కట్టని కిస్తీ,
అన్నీ ఆ గొట్టంల పోసిన.
మిషన్ సున్న సూపింది.
ముక్కు ఒకటి చెప్తుంటె మిషన్ ఒకటి చెప్పవట్టె.
మళ్ల ఊదుమన్నడు.

గప్పుడే పక్క వరుసల తెల్లకారు.
అద్దం బెత్తెడు దిగింది.
లోపలికెల్లి అత్తరు, పాట, ఎవరిదో నవ్వు.
రెండో పోలీసు చెయ్యి ఊపిండు, పో అని.
గొట్టం ఊసే లేదు.

నా వెనక సీట్ల దినకర్,
వచ్చి మూణ్నెల్లు కాలే,
ఫోన్ లేపిండు.

అద్దంల సూసిన.
రెండోసారి ఊదుకుంటనే
ఎడమ చెయ్యి వెనకకు సాపి
కెమెరా కన్ను మూసిన,
దాక్కున్న కాడ ఏడ్వబోయే పోరని నోరు మూసినట్టు.

రూముల తెల్లారెదాక లొల్లి.
"మా ఆర్మూర్ల బండి ఆపితే పది ఫోన్లు లేస్తయి.
సారు టోపీ సక్కగ పెట్టుకుంటడు,
మీరు అంటడు" అన్నడు దినకర్.
లింబాద్రి నవ్విండు:
"ఆర్మూర్ల లేపితే లైకులొస్తయి తమ్మీ.
ఈడ లేపితే టికెటొస్తది, ఒక్క దిక్కుదే."
అజ్మత్ బాయి బీడీ ఆర్పి,
"తాగనోన్ని ఆపుడేంది?
తూలేటోడు దూరం నుంచే తెలుస్తడు,
వాన్ని పట్టుకోరాదు?"

"తూలేదాక ఆగాల్నా?"

గోడ దిక్కు తిరిగి పండుకున్న ఆశన్న.
ఇంతసేపు నిద్రవోయిండనుకున్నం.

రంజాన్ ముందటి నెల
ఆశన్న తమ్ముడు సైకిల్ మీద రొట్టెలకు పోయిండు.
వచ్చే కారుకు ఒక్క కోను అడ్డం లేకుండె.
ఒక్క ఫోన్ గూడ లేవలే.
తెల్లకారో నల్లకారో
చెప్పేటోడు ఇప్పటికీ లేడు.
రొట్టెలు దొరికినయి, సైకిల్ గంట దొరికింది.
గంటను మంచం ఇనుప కడ్డీకి కట్టుకున్నడు.

"నన్నైతే వందసార్లు ఊదుమను, ఊదుత.
ఆ అద్దం గూడ కిందికి దించుమను."
గంతే. మళ్ల గోడ దిక్కు తిరిగిండు.

దినకర్ ఫోన్ తెచ్చి నా చేతుల పెట్టిండు.
"నువ్వే తీసెయ్యి కాకా."

పదకొండు సెకన్లు.
అంతట నా అరచెయ్యే.
ఏళ్ల సందుల నీలం వెలుగుతది, ఆరుతది.
పోలీసు లేడు. తెల్లకారు లేదు.
సప్పుడు మాత్రం పడ్డది:
ఒక మనిషి ఊదుతున్నడు,
ఊదుతనే ఉన్నడు,
సాలు అన్నంక గూడ ఊదుతున్నడు.
గంతగనం భయపడ్డనా నేను?

తీసెయ్యాల్నా అని ఫోన్ అడుగుతుంది.
నాలుగున్నరకు ఇంకో ట్రిప్పుంది,
బస్సు కడగాలె, ఆ వాసన పోవాలె.
బొటనేలు తెర మీద ఆగింది.
ఆశన్న పక్క మెసిలిండు.
సైకిల్ గంట
ఒక్కసారి కొట్టుకుంది.