ముప్పై వోల్టులు

మేడ మీది పలక ఇచ్చేది ముప్పై వోల్టులు.
పావురం రెట్ట వేసిన రోజు ఇరవై ఆరు.
అవతలి ఇన్వర్టరు పలకరించాలంటే
నాలుగు వందలు కావాలి.
మధ్యలో నేను,
తార్నాకలో మూడో అంతస్తు ల్యాబు,
సీసం కాలిన వాసన,
ఐదో ఏట పడ్డ పీహెచ్‌డీ.

పుస్తకంలో తేలిక.
తీగచుట్టని కాసేపు నేలకి కట్టెయ్,
కరెంటు అందులో ఊరుతుంది.
చటుక్కున ఆ దారి మూసెయ్.
ఆగడం తెలియని కరెంటు
తనకు తానే ఎత్తు తెచ్చుకుని
అవతలికి దూకుతుంది.
ఎంతసేపు కట్టేస్తే అంత ఎత్తు, అంటుంది సమీకరణం.

నూటికి తొంభై రెండు పాళ్లు కట్టేసి ఉంచాను.
దూకడానికి మిగిలింది ఎనిమిది.
ట్యాంకరు దగ్గర మన వంతు వచ్చేసరికి
పైపు మడిచేసినట్టు.
రాగి వేడెక్కింది, ఎత్తు రాలేదు.
ఇది ఒప్పుకోడానికి నాకు ఏడాది పట్టింది.

అందుకే ఒకే ఫెర్రైట్ ముద్ద మీద రెండు చుట్లు,
ఇటు ఎనిమిది, అటు ఇరవై నాలుగు.
ఒకటి దాచింది ఇంకోటి పెంచి ఇస్తుంది.
ఇవ్వని కాస్త ఉంటుంది,
రెండోదాన్ని అందుకోక బయట తిరిగే కాస్త.
లీకేజీ అంటాం.
స్విచ్ తెరిచిన క్షణాన ఆ కాస్తే
స్కోపు తెర మీద సూదిమొనై లేస్తుంది,
తర్వాత టప్పున చప్పుడు,
తర్వాత పొగ.
ఏడు మాస్‌ఫెట్లు పోయాయి. ఒక్కోటి మూడొందల అరవై.
స్టైపెండు రాక మూడు నెలలు.
స్టోర్స్‌లో సుధామయ్య గారు రిజిస్టరులో
నా పేరు పక్కన "కాలినవి" అని విడిగా గడి గీశారు.

రాణీగంజ్‌లో జహంగీర్ చాచా బోరు మోటార్లు చుడతాడు.
కుడి బొటనవేలి మీద తీగ కోసిన గాడి.
నా కోర్‌ని అరచేతిలో పెట్టుకుని
ఉస్మానియా బిస్కెట్టులా అటూ ఇటూ తిప్పి,
"గింత చిన్నదా! దీంతోని ఏం తిరుగుతది?"
ఏమీ తిరగదు. ముప్పైని నాలుగొందలు చేస్తుంది.
చిట్టీల కంపెనీ మనిషిని చూసినట్టు చూశాడు.
"ఏడికెల్లి వస్తది మరి?"
ఎక్కడి నుంచీ రాదు చాచా.
ఎత్తు పెరిగినకొద్దీ ధార సన్నబడుతుంది.
పది ఆంపియర్లు లోపలికి పోతే
బయటికి ముప్పావు కూడా రాదు.
"గట్ల చెప్పు. ఉన్నదాన్నే ఎత్తుతున్నవ్."
ఐదేళ్లలో నా థీసిస్‌కి
అంత పొట్టి సారాంశం ఎవరూ చెప్పలేదు.

నా పాత చుట్టు విప్పాడు.
కింద ఒకటి, పైన ఒకటి,
స్కేలు పెట్టి ముచ్చటగా చుట్టుకున్నది.
"కలిసి ఉండాల్నంటివి, మిద్దె మీద మిద్దె కడితివి."
సగం ఒకటి, దాని మీద రెండోది మొత్తం,
దాని మీద మొదటిదాని మిగతా సగం.
నాలుక కొస పంటికింద పెట్టి,
ఉర్దూలో లెక్క గొణుగుతూ.
మధ్యలో ట్యూబ్‌లైటు గుడ్డిదై కొట్టుకుంది.
"నాలుగు దాటితే గింతే, లో వోల్టేజీ,"
తలెత్తలేదు, వేళ్లు ఆపలేదు.
కూలి నూట యాభై. చాయ్ ఆయనదే.

మర్నాడు పలకని చున్నీతో తుడిచాను.
తెర మీద మొన ఇంకా ఉంది.
ఉంది గానీ గోరంత. దాన్ని స్నబ్బర్ మింగేసింది.
మూడొందల డెబ్బై. మూడొందల తొంభై ఒకటి.
వరసగా కట్టిన రెండు వంద వాట్ల బల్బులు
ముందు ఎర్రగా, ఆపైన నారింజ,
ఆపైన చూడలేకపోయాను.

మౌలాలీ వైపు నుంచి మబ్బొకటి వచ్చింది.
పలక ఇరవై రెండుకి జారింది.
నేను నాబ్ ముట్టుకోలేదు.
కట్టేసే కాలం, వదిలేసే కాలం
లోపలి లూపు తనే సర్దుకుంది.
బల్బులు రెప్ప వేయలేదు.

గుమ్మంలో సుధామయ్య గారు, చేతిలో రిజిస్టరు.
"కాలిందామ్మా?"
లేదండీ.
పెన్ను జేబులో పెట్టుకున్నారు. వెళ్లలేదు.
డిసెంబరు కదా,
బల్బుల దగ్గర చేతులు చాపి
కాసేపు కాచుకున్నారు.