కింద దుకాణం, పైన కాపురం

ముహర్రక్ సందుల ఒక ముత్యాల బేరగాని ఇల్లు.
కింద తక్కెడ, పైన కాపురం.
నూరేండ్ల కిందటి సంగతట.

స్తంభాలు తెల్లదొరల బంగ్లావి.
కిటికీ నెత్తిన అర్ధచంద్రం,
దాంట్ల ఎర్ర, పచ్చ, నీలి అద్దాలు.
గోడల పొదిగిన చీనా పళ్లేలు,
ఒక్కోదాని మీద ఒక్క కొంగ.
తలుపు మాత్రం మలబారు టేకు.
బరకకాయితం పెట్టంగనే
మా నాయిన చేసిన సామిల్లు వాసనొచ్చింది.

ఇరానీ ముసలాయన గచ్ అంటడు,
నేను గచ్చు అంట.
మా ఇద్దరికి కలిసిన మాట అదొక్కటే.
దినమంత దాంతోనే గడుస్తది.

ఏడు పళ్లేలుండాలె, ఆరే ఉన్నయి.
ఏడోది ఊడినకాడ గుండ్రని గుంత,
గుంతల ఒక బొటనవేలి ముద్ర.
సేటు వేలు సున్నంల పెట్టడు గద.
నా వేలు ఆనిచ్చి చూసిన.
నాకంటె చిన్నది.
పిల్లగాడేమో.

“కొమురయ్యా, ఇగో కొత్తది” అన్నది ఇంజనీరమ్మ.
ఇదీ చీనాదే,
బుడగల కవరు చుట్టుకొని ఇమానంల వచ్చింది.
కొంగ ఉన్నది, రంగు గూడ కలిసింది.
అంచుకే గచ్చు పూసిన.
నడుమ వదిలేసిన.
ఎందుకని ఎవ్వలడగలే.

రెండు సందులవతల మా రూము.
కింద మొబైళ్ల దుకాణం,
పైన మేం పదకొండు మందిమి.
అవే మడ దుంగలు, అదే సముద్రపు రాయి.
ఏ ఇంజనీరమ్మా ఇటు రాదు.
వాన పడితే
బకెట్ ఎక్కడ పెట్టాల్నో మాకే ఎరుక.