తొట్టడుగు పిండి

దొరాలిసి అని పేరు చెప్పగానే
నాకు నవ్వొచ్చింది.
మీ పేరులో దొరున్నాడండీ, అన్నాను.
ఆవిడ నవ్వలేదు.
ముత్తవ్వకి ముత్తవ్వ
బంగారు గనుల పక్కన, దొరల పొలంలో
వెల కట్టి తెచ్చిన మనిషట.
నన్ను మాత్రం మరియా అంటుంది.
మరిడమ్మకి నోరు తిరగదు.

వేళచ్చేరిలో మూడో అంతస్తు.
కార్తీకం వాన, కిటికీకి చిరిగిన దోమతెర.
నా అరవం సగం, ఆవిడ ఇంగ్లీషు సగం,
మిగతాదంతా చేతులు.

పావ్ ది కేజు, అంది. చీజ్ రొట్టె.
రొట్టె అంటావు, గోధుమేదీ?
గోధుమ దొరల బల్ల దాకా రావడమే కష్టమట.
పనోళ్ళు కర్రపెండలం తురిమి
నీళ్ళలో పిసికి, గుడ్డలో వేసి పిండి,
ఎవరి వాటా వాళ్ళకి పోయాక
తొట్టి అడుగున పేరుకున్న తెలుపుని
గోళ్ళతో గీరి, ఉండ చేసి కాల్చుకున్నారు.
పాలు లేవు, చీజ్ లేదు,
ఉత్త తెలుపు.
చీజ్ చాలా తరవాతి మాట.
ఆవులు పెరిగాక,
ఎండి గట్టిపడ్డ అంచు ముక్కల్ని
పారేయడానికి మనసొప్పక
ఎవర్తో తురిమి కలిపింది.
ఎవర్తి? అనడిగాను.
భుజాలెగరేసింది.
బంగారం తులాలతో సహా రాసుకున్నారట.
రాసేవాళ్ళు వంటింట్లోకి రాలేదు.

నాకు తెలుసు ఆ తెలుపు.
పెద్దాపురంలో సగ్గుబియ్యం మిల్లు.
మా అమ్మ నూకరత్నానికి
తొక్క తీసిన బుట్టకింతని కూలి.
పొద్దుగూకి వచ్చేది, కొంగు మూల ముడితో.
ముడిలో, తొట్టి కడిగే ముందు గీరిన పిండి.
దొంగతనమా అంటే,
మేస్త్రీ చూడలేదు.
చూసుంటే దొంగతనం.
దాంతో అట్టేస్తే అద్దమయ్యేది.
ఎత్తి పట్టుకుంటే
అవతల దీపం కనపడేది.

ఆ దుంప మీది కాదు మరియా,
మా వైపు నించి ఓడెక్కి వచ్చింది, అంది.
నాకు ఒళ్ళు మండింది.
దుంప మీదైతే
మా అమ్మ వేళ్ళ సందుల్లో పుళ్ళెవరివి?
ఆవిడ తన వేళ్ళకేసి చూసుకుంది.
ఇంకేమీ అనలేదు ఆ పూట.

పుల్లపిండి దొరకదు ఈ ఊళ్ళో.
సేలం పిండి నీళ్ళలో వేసి
మేడ మీద పెట్టాను, తరవాణి కుండలాగ.
పన్నెండు రోజులు.
కింద ఫ్లాటు పట్టాభిరామన్ గారు వచ్చి
ఎలక చచ్చిందేమో చూడమ్మా, అన్నారు.
వాన తెరిపిచ్చిన పూటల్లా ఆరబెట్టాను.
ఆవిడేమో ఆవిన్ పనీర్‌కి ఉప్పు పట్టించి
ఫ్యాను కింద ఎండేసింది,
ఇదీ ఒక చీజేనా అని తిట్టుకుంటూనే.

కాగిన పాలూ నూనే పిండిలో పోస్తే
చుయ్యిమంది.
చెయ్యి కాలినా కలపాల్సిందే.
గుడ్డు కొట్టి, చీజ్ తురిమి, నిమ్మకాయంత ఉండలు.
ఓవెన్ తలుపు మూసిందో లేదో
కరెంటు పోయింది.

చీకట్లో ఆవిడ వాళ్ళ భాషలో ఒక మాటంది.
దానికి అర్థం అడగక్కర్లేదు.
నేను గ్యాసు వెలిగించి
పొంగనాల పెనం పెట్టాను.
గుంటకో ఉండ, పైన మూత, సన్నని సెగ.
ఇద్దరం మూతకేసి చూస్తూ నిలబడ్డాం,
పురుడు గది బయట నిలబడ్డట్టు.

పొంగాయి.
వంకరగా, ఒక పక్క మాడి, అయినా పొంగాయి.
విరిస్తే లోపల బోలు,
బోలు చుట్టూ తీగ సాగే తడి.

మా అమ్మమ్మవి ఇలా ఉండవు, అంది.
మా అమ్మవీ ఉండవు, అన్నాను.
ఏడు తింది. లెక్కపెట్టాను.

మిగిలినవాటిలో రెండు
కొంగు మూల ముడేసుకుంటుంటే
ఆవిడ చూసింది.
చూసి, ముడి విప్పించి
ఇంకోటి వేసింది.