గడువు

ఏటా మార్చిలో ఒక ఉత్తరం వస్తుంది
కడినా ఊరి లైబ్రరీకి, పోర్ట్ అగస్టా జైలు నుంచి.
కవరును ఎవరో ముందే తెరిచి చదివి
టేపు అంటించి ఉంటారు.
లోపల పెన్సిల్‌తో, బడిపిల్లాడి అక్షరాల్లాంటి అక్షరాలు:
"మా అమ్మాయి తీసుకున్న పుస్తకానికి ఇంకో ఏడాది గడువు కావాలి."
కింద కార్డు నంబరు, డెస్మండ్ ట్రెలోర్ అని సంతకం.
దయచేసి అన్న మాట ఉండదు.

నేను ఈ ఊళ్ళో ఉద్యోగానికి వచ్చేసరికే అంతా అయిపోయింది.
ముగ్గురు మట్టిలో, ఒకడు గోడల మధ్య.
నాకు వాళ్ళు రసీదుల్లోనే పరిచయం.
భార్య లొవీనా: నిమ్మచెట్టు తెగుళ్ళు, ఊరగాయల పుస్తకం ఒకటి,
ఆఖరి వేసవిలో అద్దె ఇళ్ళ చట్టం,
రెండుసార్లు.
పిల్లాడు జోరీ: ట్రాక్టర్లు, ట్రాక్టర్లు, మళ్ళీ ట్రాక్టర్లు.
కెరెన్సాకి తొమ్మిదేళ్ళు. సముద్రపు గుర్రాల మీద బొమ్మల పుస్తకం.

ఆ పుస్తకం ఇప్పుడు అడిలైడ్‌లో ఉంది,
సాక్ష్యాల గదిలో, కాగితపు సంచిలో, ముప్ఫై ఒకటో నంబరుగా.
పద్నాలుగో పేజీలో గుర్తుగా ఒక బార్లీ వెన్ను.
"అక్కడిదాకా నేనే చదివి వినిపించాను" అన్నాడట కోర్టులో.
"తర్వాత?"
"షెడ్డుకి వెళ్ళాను."
"తర్వాత?"
పదకొండు గంటలు తలుపు మూసుకుని కూర్చున్న పన్నెండు మంది
ఆ రెండో ప్రశ్నకి తామే జవాబు చెప్పారు.

బంగారంలాంటి మనిషి అంటారు ఊళ్ళో.
మాకు ముందే తెలుసులే అని కూడా
వాళ్ళే అంటారు.

నేను ఇంటికి వెళ్ళే దారికి రెండు పక్కలా బార్లీ చేలు,
మైళ్ళ కొద్దీ కంచె.
కంచే చేను మేస్తే అన్న మాట నాలుక చివరిదాకా వస్తుంది.
మింగేస్తాను.
సామెత చెప్పేశాక ఇంకేం ఆలోచించక్కర్లేదు కదా,
అందుకని.

పద్నాలుగో పేజీలో ఏముందో చూద్దామని
ఇంకో ప్రతి తెప్పించాను.
సముద్రపు గుర్రాల్లో కడుపున పిల్లల్ని మోసేది తండ్రి అట.
పొట్ట సంచీలోంచి ఒక్కో కుదుపుకీ
నలుసంత పిల్లలు నీళ్ళలోకి వచ్చే బొమ్మ.
పుస్తకం మూసి, బీరువాలో పెట్టి,
కాసేపు ప్రింటర్‌లో కాగితాలు సర్దాను, నిండుగానే ఉన్నా.

గురువారాల్లో లొవీనా చెల్లెలు జెరెన్ వస్తుంది జిరాక్సులకి.
"వాళ్ళ పేర్లు ఇంకా ఉన్నాయా మీ దాంట్లో?" అని అడిగింది ఒకసారి.
తీసేశామన్నాను.
చిల్లర లెక్కపెట్టుకుని వెళ్ళిపోయింది.
తీయలేదు.
కంప్యూటరు కారణం చెప్పమంటుంది మరి:
పోయింది, పాడైంది, తిరిగొచ్చింది.
మూడు గడులు. ఏ గడిలో గుర్తు పెట్టను?

ఆరేళ్ళు అతను అడగడం, నేను బటన్ నొక్కడం.
జాలి అనుకోకండి. నాకు అతని మీద జాలి లేదు.
ఉందేమో అని వెతుక్కున్నాను కూడా.

ఈ మార్చిలో మాత్రం జవాబు రాశాను:
"అయ్యా, ఆ కార్డు మీది కాదు.
గడువు పెంచమని అడగవలసింది
కార్డు గల మనిషి.
ఇది మా నియమం."
నిజంగానే నియమం అది. కౌంటరు పక్కన గోడ మీద ఉంటుంది,
గొడుగులు మరిచిపోవద్దు అన్న దానికి పైన.

పోస్టు డబ్బాలో వేసి, వెనక్కి వచ్చి,
దీపాలు ఆర్పే ముందు
ఎప్పటిలాగే బటన్ నొక్కాను.
ఇది ఆ పిల్ల కోసం అనుకున్నాను.
యంత్రం చీటీ కక్కింది:
కెరెన్సా, నీ పుస్తకం వచ్చే మార్చి పన్నెండులోగా తెచ్చివ్వాలి.
ఎవరి కోసం నొక్కానో దానికేం తెలుసు.
నాకైనా