జేబులు

డులూత్‌లో, సరస్సు గడ్డకట్టిన నెలలో
కొత్త నర్సు నా మణికట్టు పట్టుకుని
గడియారం చూసుకుంటూ చాలాసేపు నిలబడింది.
పిల్ల ముఖం పాలిపోయింది.
"కంగారుపడకమ్మా, అక్కడేం దొరకదు,
నేను బతికే ఉన్నాను" అన్నాను.
నాడి పట్టి రోగం చెప్పే మా శరభాచార్యులుగారైతే
ఈపాటికి చాప పరవమని సైగ చేసేవారు.

లోపల ఒక డబ్బా ఉంది,
నిమ్మకాయకి అన్న, బత్తాయికి తమ్ముడు.
అందులో చక్రం, నిమిషానికి అయిదువేల చుట్లు.
కొట్టుకోదు. తోస్తుంది, అంతే.

ముప్పై ఏళ్లు లాండ్రీ షాపు వెనకగదిలో
ఊరందరి ప్యాంట్లూ కురచ చేశాను,
పెళ్లిగౌన్ల నడుములు గుట్టుగా వదులు చేశాను.
మోటారు రొద నాకు కొత్తా?
కాకపోతే ఆ మిషను
పెడలు మీంచి కాలు తీస్తే ఆగేది.

పొట్టలోంచి తీగ బయటికొస్తుంది
సరిగ్గా కుచ్చిళ్లు దోపే చోట.
కోసిన డాక్టరుకేం తెలుసు, పాపం, ఆరు గజాల లెక్క.
బ్యాటరీలు మోయడానికి వాళ్లిచ్చిన కోటు
ఎవరో ఆరడుగుల వేటగాడికి కొలిచి కుట్టింది.
ఇంటికి రాగానే కుట్లన్నీ విప్పేశాను.
ఎడమ చంక కింద ఒక జేబు, కుడి చంక కింద ఒకటి,
నడుం దగ్గర మీట్ల పెట్టెకి గుండీల సంచి,
లోపల వెంకటగిరి నూలుచీర ముక్క లైనింగు.
నైలాను తాకొద్దన్నారు.
చలికాలం బట్టల్లో చిటపటమనే నిప్పురవ్వ
నా గుండెకి పడదట.
గోంగూర కూడా తూచి తినాలట, రక్తం పలచనయ్యే మాత్రకి అది గిట్టదు.
తూచిన గోంగూర ఏం గోంగూర!

మా సన్యాసిరావు
జన్మలో చొక్కా గుండీ కుట్టుకోని మనిషి,
ఇప్పుడు రోజూ మాస్కు కట్టి, గ్లవ్స్ తొడిగి
తీగ దిగిన చోట పట్టీ మారుస్తాడు.
ఒకసారి పని మధ్యలో తుమ్మొచ్చింది.
పక్కగదిలోకి పరిగెత్తి తుమ్మి,
చేతులు కడుక్కుని, కొత్త గ్లవ్స్‌తో మళ్లీ మొదటినుంచి.
"ఇన్నేళ్ల కాపురంలో
ఇంత శ్రద్ధగా ఎప్పుడైనా చూశావా నన్ను?" అంటే
మాస్కు పైన కళ్లద్దాలు మసకబారాయి.

ఫిబ్రవరిలో ఒక రాత్రి
గాలికి స్తంభాలు ఒరిగి వీధంతా ఆరిపోయింది.
గోడకి తగిలించిన నా పెట్టె కీచుమంది.
ఆయన టార్చి కోసం తడుముకుంటూ కుర్చీని తన్నాడు.
నా చేతులు మాత్రం వణకలేదు,
చీకట్లో సూదిబెజ్జం వెతికిన వేళ్లివి.
రెండు తీగలూ ఒకేసారి ఊడదీయకూడదు.
ఒకటి తీసి, ఒకటి పెట్టి. చప్పుడు వినాలి.
తర్వాత రెండోది.
ఆ తర్వాత దుప్పట్లో కూర్చుని
మిగిలిన బ్యాటరీల గంటలు లెక్కపెట్టుకున్నాం,
నెలాఖరు చిల్లర లెక్కపెట్టినట్టు.

తెల్లారేసరికి ఎదురింటి ఆర్వో తలుపు కొట్టాడు.
తోసిన మంచు ఎవరి వైపు పడాలని
రెండేళ్లుగా మాటల్లేవు మాకు.
వాళ్ల షెడ్డులో జనరేటరు గుర్రుమంటోంది.
రోడ్డుకి అడ్డంగా, తెల్లటి మంచు మీద
నారింజరంగు తీగ మా గుమ్మందాకా.
ఛార్జరు మీద పచ్చదీపాలు ఒక్కొక్కటే వెలిగాయి.

కాఫీ తాగుతూ అడిగాడు, కాస్త మొహమాటంగా,
"వినొచ్చా?" అని.
ఇనుపరాయి మోసే ఓడల్లో ఇంజనీరట ఒకప్పుడు.
సన్యాసిరావు స్టెతస్కోపు ఇచ్చాడు.
ఆర్వో కళ్లు మూసుకున్నాడు.
చాలాసేపు విన్నాడు, నర్సుకన్నా ఎక్కువసేపు.
"బేరింగు చప్పుడే లేదు" అన్నాడు.
బేరింగే లేదని చెప్పాను,
చక్రం అయస్కాంతాల మధ్య ఊరికే తేలుతుందని.
తల ఊపాడు, ఓడ గురించి ఏదో గుర్తొచ్చినట్టు.

వెళ్లడానికి లేచినప్పుడు చూశాను,
కుడికాలి ప్యాంటు అంచు ఊడి నేల ఊడుస్తోంది.
"రేపు ఆ ప్యాంటు తెచ్చివ్వు" అన్నాను.